పైపు పట్టే చేతులు

నిన్న మధ్యాహ్నం శామీర్‌పేటలోని మా షెడ్డు ముందు ఒక పెద్దాయన స్కూటర్ ఆపి, జేబులోంచి కాడ విరిగిన పొగ పైపు తీసి బల్ల మీద పెట్టారు. బాగు చేస్తారా అని అడిగారు. పైపుల పని మానేసి చాలా ఏళ్ళయిందని చెప్పాను. ఆయన దాన్ని తీసుకుని వెళ్ళిపోయాక కూడా బల్ల మీద వాసన మిగిలింది. కాలిన బెల్లం, ఎండుద్రాక్ష, తడి చెక్క కలిసినట్టుండే పొగాకు వాసన. మిషన్ ఆపేసి కాసేపు అక్కడే కూర్చున్నాను. నాకు ఆ వాసన ఒక్క మనిషిదే. ఆయన పేరు దేవదానం. మచ్చ బొల్లారంలో తన ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని, చెక్కతో పొగ తాగే పైపులు చేసేవారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. నేను ఆయన దగ్గర పదేళ్ళు ఉన్నాను.

వెళ్ళింది పని కోసమే. అంతకు ముందు ఏడాది మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే మిషన్ నా కుడిచేతి చూపుడువేలినీ మధ్యవేలినీ మొదలంటా తీసుకుపోయింది. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పుండు మానాక కూడా ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ గేటు లోపలికి రానివ్వలేదు. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్త వెంచర్ల దగ్గర కూలికి వెళ్తే పార చేతిలో నిలవలేదు. ఎడమచేత్తో అన్నం తింటుంటే మా అత్త చూపు పక్కకి తిప్పుకునేది. మా ఆయన మల్లేశ్ ఆటో నడుపుతాడు. "నువ్వు ఇంట్ల ఉండు సుగుణా, నేను నడుపుతున్న గదా" అనేవాడు. ప్రేమతోనే అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఊపిరాడనట్టు ఉండేది. ఆదివారాలు అతని ఆటోలో చర్చికి వెళ్ళే రత్నమ్మగారు ఒకరోజు, తన భర్తకు పైపులు నున్నగా రుద్దడానికి మనిషి కావాలని చెప్పారట. ఆ భర్తే దేవదానం సార్.

నేను వెళ్ళేసరికి సార్ ఖరాదు ముందు కూర్చుని ఉన్నారు. చెక్కను గిరగిరా తిప్పి ఉలితో గుండ్రంగా చెక్కే మిషన్‌ను మా వైపు ఖరాదు అంటారు. రెండు చేతులూ ఉలి మీద, నోట్లో కుడివైపు పళ్ళ మధ్య పైపు. చెయ్యి కొంగు కింద పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. సార్ మిషన్ ఆపి, వెలిగించని కొత్త పైపు ఒకటి నా ముందుకు చాచారు.

"పట్టుకో."

ఎడమచేత్తో అందుకున్నాను.

"గా చెయ్యి గాదు బిడ్డా. కొంగు కింద దాసినవ్ సూడు, గది."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే చెయ్యి బయటికి తీశాను. బొటనవేలితో ఒకవైపు, చివరి రెండు వేళ్ళతో ఇంకోవైపు పట్టుకుంటే పొగాకు కూరే గిన్నె అరచేతిలో కూర్చుంది. వేళ్ళు పోయాక కుడిచేతిలో ఒక వస్తువు జారకుండా నిలవడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఆయన మొహంలో జాలి లేదు. కళ్ళద్దాలు పైకి తోసి, పనివాడు పనిముట్టును చూసినట్టు చూశారు.

"మా మేజర్ సాబ్ గిట్లనే పడ్తుండె. ఐదు వేళ్ళు ఉండి గూడ గీ మూడింటితోనే. రేపు తొమ్మిదింటికి రా."

సార్ సైన్యం వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. అక్కడి ఆఫీసర్ల విరిగిన పైపులు బాగుచేస్తూ ఈ విద్య పట్టుకున్నారు. పైపు చేయించుకోవడానికి ఎవరొచ్చినా ముందు కొలతలు అడిగేవారు కాదు. షెడ్డు ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, వాళ్ళ పాత పైపు వెలిగించుకొమ్మనేవారు. ఓ అరగంట మాటల్లో పెట్టేవారు. ఆ అరగంటా ఆయన చూపు వాళ్ళ చేతుల మీదే. రిటైరైన కర్నల్ ఒకాయన గిన్నె మొత్తాన్ని గుప్పిట్లో పొదువుకునేవారు. అలాంటివారికి గిన్నె గోడ మందంగా ఉంచకపోతే అరచెయ్యి కాలుతుంది. కాలేజీలో పాఠాలు చెప్పే ఇంకొకాయన కాడను రెండు వేళ్ళతో పెన్నులా పట్టి, మాట్లాడుతున్నంతసేపూ గాల్లో ఆడించేవారు. స్కూటర్ మెకానిక్ ఒకతను చేతుల నిండా గ్రీజుతో వచ్చేవాడు. అతను పైపును పళ్ళతో కరిచి పట్టడమే తప్ప చెయ్యి తాకించేవాడు కాదు, కాబట్టి అతనిది దూదిలా తేలిగ్గా ఉండాలి. మరొకాయన చూపుడువేలిని కాడ మీదుగా కొక్కెంలా వేసి, బొటనవేలిని గిన్నె అంచున పెట్టుకునేవారు. ఆలోచనలో పడ్డప్పుడల్లా ఆ బొటనవేలు అంచు చుట్టూ తిరిగేది. ఆయన పైపు అంచును సార్ నాచేత మూడు రోజులు రుద్దించారు.

వచ్చినవాళ్ళు వెళ్ళగానే నన్ను పిలిచి "ఏం జూసినవ్?" అని అడిగేవారు. మొదట్లో నేను చెప్పినవన్నీ తప్పులే. "మొఖం జూసినవ్, చెయ్యి జూడలే" అని కసిరేవారు. ఒకసారి విసుగొచ్చి అడిగేశాను.

"అందరికీ ఒకటే తీరు జేస్తే జల్దీ అయితది గద సార్?"

"అయితది. గప్పుడు వాళ్ళు పైపును బట్టి చెయ్యి మార్సుకోవాలె. మనం చెయ్యిని బట్టి పైపు మారుస్తం. గంతే మన పని."

ఏడాది గడిచాక ఖరాదు మీద కూర్చుంటానని అడిగాను. ఆయన నోట్లోంచి పైపు తీశారు. పని మధ్యలో అలా తీయడం చాలా అరుదు.

"వద్దు బిడ్డా. మిషన్ ఒకసారి నీ చెయ్యి తిన్నది. మల్లా ఏమన్న అయితే నీ మొగనికి ఏం జవాబు జెప్పాలె నేను?"

"ఆ మిషన్ కాడికి వాళ్ళు నిలవెడితె నిలవడ్డ సార్. దీని కాడికి నేనే అడిగి వస్తున్న."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను అడగడం మానలేదు. నాలుగో రోజు పొద్దున మెత్తటి మట్టి ముద్ద ఒకటి నా కుడిచేతిలో పెట్టి గట్టిగా పిసకమన్నారు. ఆ ముద్ద మీద పడ్డ అచ్చును చూసుకుంటూ ఉలికి కొత్త పిడి చేశారు. వేళ్ళు లేని చోట చెక్క ఉబ్బెత్తుగా ఉండి ఆ ఖాళీని నింపేది. దాన్ని పట్టుకోగానే భుజం దాకా బలం వచ్చినట్టయింది. అయినా పని రాలేదు. చెక్క చీలేది, గిన్నె పగిలేది. పాడైనవాటిని ఆయన పారేయకుండా గోనెసంచిలో వేసి నా పక్కనే పెట్టారు. "సంచి నిండినంక మాట్లాడుదం" అన్నారు. సంచి నిండింది. రెండో సంచి సగానికి వచ్చాక ఒక గిన్నె పగలకుండా నిలిచింది. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, తన పని తన ముందుకు లాక్కున్నారు. ఆ మర్నాటి నుంచి రెండో ఖరాదు నాదైంది.

ఆరో ఏడు ఎండాకాలంలో ఒక మార్పు గమనించాను. ఎప్పుడూ కుడివైపు పళ్ళ మధ్య ఉండే ఆయన పైపు ఎడమవైపుకి మారింది. కొన్ని వారాలకు పళ్ళతో పట్టడమే మానేశారు. గిన్నెను చేత్తో పట్టుకుని, ఒక్క దమ్ము లాగి వెంటనే బయటికి తీసేవారు. ఆ తర్వాత పెదవుల చివరతోనే లాగేవారు, లాగినప్పుడు కుడికన్ను సన్నగా మూతపడేది. ఐదేళ్ళుగా ఆయన నన్ను చూడమన్నది ఇవే. చూడనట్టు ఉండటం నా వల్ల కాలేదు.

"సార్, నోట్ల ఏమైంది?"

"ఏం గాలే. పన్ను గీసుకున్నది."

"పన్ను గీసుకుంటే మూడు నెలలు ఉంటదా?"

"నువ్వేమన్న డాక్టర్‌వా? పని జూస్కో."

నేను లేచి మెయిన్ స్విచ్ ఆపేశాను. "మీరు దవఖానకు పోయిందాక నేను మిషన్ ఎక్క" అన్నాను. "పోతే పో, ఇంకొకల్లను వెట్టుకుంట" అని అరిచారు. నేను పోలేదు. షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్నాను. రెండు రోజులు పొద్దున తొమ్మిదికి వచ్చి, టిఫిన్ డబ్బా అక్కడే విప్పుకుని, సాయంత్రం దాకా కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరికీ "సార్‌కు నోట్ల పుండున్నది, సూపిచ్చుకుంట లేడు" అని చెప్పాను. అంత పెద్దమనిషిని నలుగురిలో అలా నిలబెట్టడం నాకు మాత్రం ఇష్టమా? కానీ నాకు ఇంకో దారి తోచలేదు. మూడో రోజు రత్నమ్మగారు చేతిలో బట్టల సంచితో బయటికి వచ్చారు. "మల్లేశ్‌కు ఫోన్ జెయ్యి సుగుణా, ఆటో తెమ్మను" అన్నారు. ఆమె వెనకే సార్, నా వైపు చూడకుండా వచ్చి ఆటో ఎక్కారు.

నాలుక కుడి అంచున క్యాన్సర్. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చేతులెత్తేసేవాళ్ళమని డాక్టర్ అన్నారట. నాలుక కొంత కోసి, మెడలో గడ్డలు తీశారు. దాంతో కుడిభుజం బలం తగ్గింది. రెండు నెలల తర్వాత షెడ్డుకి వచ్చినప్పుడు ఆయన మాట ముద్దముద్దగా ఉంది. అయినా మొదటి మాట నాకు స్పష్టంగానే వినిపించింది.

"పైపులు బంద్."

చెయ్యాల్సినవి ఇంకా ఏడు ఉన్నాయని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నా నోటికే గిట్లయితే... మనం జేసినయి ఎన్ని నోళ్ళల్ల ఉన్నయో" అన్నారు. ఆ ఐదేళ్ళలో చేసిన పైపుల్లో నా మూడు వేళ్ళకూ భాగం ఉంది. వాటిని చేతులకు ఎంత బాగా అమర్చామో చూసి మురిసిపోయాం కానీ నోటి సంగతి ఒక్కనాడూ తలుచుకోలేదు. పైపుల కోసం తెచ్చిన చెక్కంతా ఇద్దరం కలిసి మూలకు చేర్చాం. షెడ్డు మూసేస్తారేమోనని భయం వేసింది. మళ్ళీ ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

"పైపులు బంద్ జేద్దాం సార్. చెయ్యి సూసుడు బంద్ జేసుడెందుకు?" అన్నాను.

ఆయన నా చేతిలోని ఉలి పిడి వైపు చాలాసేపు చూశారు. తర్వాత బెంచీ మీద కూర్చుని "ఎవలున్నరు?" అని అడిగారు.

మా ఊళ్ళో ఖాజా మియా ఉన్నారు. ఆకుకూరలు పండిస్తారు. పక్షవాతంతో కుడిచెయ్యి సగం పడిపోయి కొడవలి పట్టలేకపోతున్నారు. వాళ్ళింటికి వెళ్తే "ఏం జేస్తవ్ బేటీ, గీ చెయ్యి బేకార్ అయిపోయింది. పరేషాన్ గాకు, చాయ్ తాగి పో" అన్నారు. చాయ్ తాగాను, ఆయన ఎలా తాగుతున్నారో చూస్తూ. గ్లాసును వేళ్ళతో కాక, చిటికెనవేలి వైపున్న అరచేతి అంచుకీ ఒంటికీ మధ్య అదిమి పట్టుకుంటున్నారు. చూసింది చూసినట్టు సార్‌కు చెప్పాను. ఆయన చెప్పినట్టు కొడవలికి వెడల్పాటి పిడి చేసి, చెయ్యి జారకుండా తోలుపట్టీ కొట్టాను. మొదటిది జారింది. రెండోది బొబ్బలెక్కించింది. మూడోదానితో ఖాజా మియా నా కళ్ళ ముందే ఒక మడి పాలకూర కోశారు. వారం తర్వాత పెద్ద కట్ట ఒకటి పట్టుకుని బొల్లారం వచ్చి, సార్ ఒళ్ళో పెట్టారు. ఆపరేషన్ తర్వాత సార్ నవ్వడం ఆ రోజే చూశాను.

అక్కడి నుంచి ఒకరి వెంట ఒకరు వచ్చారు. గరిటె పట్టలేని వంటావిడ, కత్తెర పట్టలేని దర్జీ, నాలాగే ఫ్యాక్టరీల్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. బొల్లారం షెడ్డు చాలక శామీర్‌పేటలో ఇది వేశాం. ఇప్పుడు నాతో ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. ఇద్దరివీ మిషన్ కొరికిన చేతులే.

ఆపరేషనైన నాలుగేళ్ళకు సార్ జబ్బు తిరగబెట్టింది. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకునేది కాదు. కుడిచెయ్యి గుండె దాటి పైకి లేచేది కాదు. రత్నమ్మగారు చెంచాతో జావ పట్టబోతే మొహం తిప్పుకునేవారు. ఆకలి లేక కాదు, ఒకరి చేత తినిపించుకోవడం ఇష్టం లేక. నేను మూడు మధ్యాహ్నాలు ఆయన మంచం పక్కన కూర్చుని, ఆ చెయ్యి ఎంత దూరం వస్తుందో, ఎక్కడ వణుకుతుందో చూశాను. ఎందుకు కూర్చున్నానో ఆయనకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి దుప్పటి కింద పెట్టుకోలేదు. జామ చెక్కతో చెంచా చేశాను. జావ మెడ మీద ఒలికింది. కాడ వంచినట్టు చెక్కి రెండోది చేశాను. చెంచా గుంట వెడల్పై పెదవుల మధ్య పట్టలేదు. మూడోది సన్నగా చేసి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని పట్టుకుని, ఎవరి సాయం లేకుండా, గిన్నెడు జావ మొత్తం తిన్నారు. చాలాసేపు పట్టింది. రత్నమ్మగారు అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నేను మెచ్చుకోలు మాట కోసం చూశాను. అబద్ధమెందుకు, చూశాను. ఆయన చెంచాను తిరగేసి, కాడ చివర బొటనవేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడదీసుకుని అన్నారు.

"కాడ... ఇంకింత... పొట్టిగ."

ఆ సాయంత్రమే అర అంగుళం తగ్గించి, చివర నునుపు చేసి, మర్నాడు ఇచ్చాను. మింగడం సాధ్యమైన చివరి రోజు వరకూ దానితోనే తిన్నారు.

మా షెడ్డులో వస్తువు అందుకున్నవాళ్ళు మర్యాదకు "మంచిగున్నదమ్మా" అంటారు. ఆ మాట విని వాళ్ళని పంపించడం నాకు ఇప్పటికీ చేతకాదు. మళ్ళీ కూర్చోబెట్టి, దానితో ఇంకోసారి కోయమనో, కలపమనో, తినమనో చెప్తాను. "ఇంకేం తక్కువున్నది, జెప్పుండ్రి" అని అడుగుతాను. మొహమాటపడతారు, ఏమీ లేదంటారు. నేను ఎదురుగా కూర్చునే ఉంటాను. చివరికి మెల్లగా చెప్తారు, ఇక్కడ కొంచెం గుచ్చుకుంటున్నదనో, ఇంకాస్త బరువుంటే బాగుండుననో. అప్పుడు దాన్ని వాళ్ళ చేతిలోంచి తీసుకుని మళ్ళీ ఖరాదు ముందు కూర్చుంటాను.