రాహుకాలంలో గట్టిపడిన గమ్ము

వేంపల్లెలో కట్టుకుంటున్న మా ఇంటి బాత్‌రూమ్ గోడకు ఈ రోజు టైల్స్ అంటించాలి. మేస్త్రీ పొద్దున్నే బకెట్లో టైల్స్ గమ్ము కలిపాడు. టైల్ వెనక ఐదు ముద్దలు పెట్టి అదిమితే చాలని ఆయన వాదన. గోడంతా పూసి, దువ్వెనలా అంచున పళ్లున్న తాపీతో గీతలు గీయాలని, లేదంటే లోపల బోలుగా ఉండిపోతుందని నా వాదన. నేను రెండు వీడియోలు చూశాను మరి.

తీర్పు చెప్పడానికి మా పెదనాయన వచ్చాడు. ఇద్దరి మాటా విని, "పళ్ల తాపీతోనే కానీండప్పా" అన్నాడు. మేస్త్రీ తాపీ అందుకోగానే పెదనాయన గడియారం చూసుకుని, "ఆగప్పా, ఇప్పుడు రాహుకాలం ఉండాది. అయిపోనీ" అన్నాడు.

"అందాక గమ్ము ఆగదు సామీ, గట్టిపడతాది" అన్నాడు మేస్త్రీ.

"ఇల్లు నూరేండ్లు ఉండాల. గమ్ము గంటన్నర ఉండలేదా?"

టిఫిను, టీ, ఊరి రాజకీయాలు అన్నీ అయ్యాక తిరిగొచ్చాం. గమ్ములోనే వదిలేసిన కలిపే కర్రను మేస్త్రీ పట్టుకుని లాగితే బకెట్ కూడా పైకి లేచింది. పెదనాయన దాన్ని తట్టి చూసి, "మంచి గమ్మే తెచ్చినావు లే" అని నన్ను మెచ్చుకున్నాడు.

మీ ఇంట్లో టైల్స్ ఏ పద్ధతిలో అంటించారో కాస్త చెప్పండి. బకెట్‌కు కర్ర అంటించే పద్ధతి మాత్రం మాకు బాగా వచ్చేసింది.