చిన్నబాపు కళ్లద్దాలు

నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన తమ్ముడు, మా చిన్నబాపు, ఇబ్రహీంపట్నం బడిలో ఉర్దూ చెప్పేవాడు. ఎవరికైనా సలహా ఇచ్చే ముందు కళ్లద్దాలు తీసి, షేర్వాణీ అంచుతో తుడిచి, పెట్టుకుని సూటిగా ముఖంలోకి చూసేవాడు. ఆ చూపుకు మా ఇంట్లో తిరుగులేదు.

నేను డాక్టరు చదువుతానన్నప్పుడు కూడా అట్లాగే చూశాడు. "మద్రాసు చదువు మీ బాపుతోటి గాదు. పట్నంల నిజాం సర్కారు కాలేజి ఉంది, ఖర్సు తక్కువ, చదువంత ఉర్దూలనే. ఇంగ్లీషు నీకెందుకు? ఫికర్ జెయ్యకు."

నేను ఇంగ్లీషు జోలికి పోలేదు. ఊళ్లలో ఒకపక్క రజాకార్ల భయం, ఇంకోపక్క నిజాంకు ఎదురుతిరిగిన సంఘం వాళ్ల కోసం పోలీసుల గాలింపులు. ఆ గడబిడలోనే ఉర్దూ చదువుకున్నాను.

పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. పట్నం కాలేజీలో ఇక చదువంతా ఇంగ్లీషులోనే అన్నారు. ఏం చేయాలో అడుగుదామని చిన్నబాపు ఇంటికి పోతే, నా ఈడువాడైన ఆయన కొడుకు అరుగు మీద ఇంగ్లీషు పుస్తకం గడగడా చదువుతున్నాడు.

"వీడెప్పుడు నేర్సిండు చిన్నబాపు?"

"నువ్వు ఉర్దూ మొదలుపెట్టినప్పటి సంది," అన్నాడు తడుముకోకుండా. "ఏ రాజ్యం నిలుస్తదో ఎవలకెర్క? జొన్నల కందులు కలిపి సల్లుతం గద, ఒకటి పోయినా ఒకటి చేతికొస్తదని. ఇంట్ల ఒక్కడన్న డాక్టరైతడు."

"మరి నన్ను ఇంగ్లీషుల, వాణ్ని ఉర్దూల ఎందుకు పెట్టలే?"

చిన్నబాపు కళ్లద్దాలు తీసి తుడవసాగాడు. నేను అరుగు దిగి వచ్చేదాకా వాటిని మళ్లీ పెట్టుకోలేదు.