మా గుమ్మానికి దక్కిన టపాకాయల దండ

కార్ల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి కుప్పకూలుతున్న చలికాలం అది. మేం అమెరికాలో, నోవై అనే ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన ఆఫీసులో సోమవారం కొందరిని తీసేస్తారనీ, పేర్లు అప్పటికే ఖరారైపోయాయనీ చెప్పుకుంటున్నారు. మాది హెచ్‌వన్ వీసా. ఉద్యోగం పోతే ఇల్లు, కారు, పాప స్కూలు అన్నీ వదిలేసి విమానం ఎక్కాల్సిందే. మా ఆయన బేస్‌మెంట్‌లోంచి సూట్‌కేసులు తెచ్చి హాల్లో పెట్టారు. ఎందుకండీ అంటే, ఊరికే, జిప్పులు పనిచేస్తున్నాయో లేదో చూద్దామనట! నాకు ఒళ్ళు మండిపోయింది. శుభమా అని ఇంట్లో ఉంటే ఎదురుగా ఆ పెట్టెలేమిటి? అరిచానే గానీ, నాకూ ముద్ద దిగడం లేదు.

పక్కింట్లో చైనా వాళ్ళుండేవారు. ఆ ఇంటాయనా మా ఆయనా ఒకే ఆఫీసు, ఒకే టీము. ఆయన భార్యా నేనూ కూరగాయలకు కలిసి వెళ్ళేవాళ్ళం. ఆయన తల్లికి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా రోజూ మా ఇంటికొచ్చి, నా చేతి దోసెలు తిని, స్టవ్ సరిగ్గా తుడవలేదని వేలు పెట్టి చూపించి మరీ వెళ్ళేది. సొంత అత్తగారు కూడా అంత చనువు తీసుకోలేదు. ఆ శనివారం వచ్చినప్పుడు పెట్టెల్ని చూసింది, నా మొహం చూసింది. ఇంటికి వెళ్ళి కోడల్ని అడిగి సంగతంతా తెలుసుకుందట.

మర్నాడు వాళ్ళ కొత్త సంవత్సరం. పొద్దున్నే మేం కాఫీ తాగుతుంటే మా గుమ్మం ముందు ఢామ్ ఢామ్‌మని పేలుళ్ళు! పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన పాపను లాక్కుని టేబుల్ కిందికి దూరారు. నేను కిటికీలోంచి చూస్తే అంతా పొగ. ఆ పొగలో పక్కింటి పెద్దావిడ చెవులు మూసుకుని నవ్వుతోంది. మంచు నిండా ఎర్ర కాగితం ముక్కలు.

టపాకాయలని తెలిశాక మా ఆయనకి భయం రెట్టింపైంది. అక్కడ అవి కాల్చకూడదు. ఎవరో ఫోన్ చేస్తారు, పోలీసులొస్తారు, వచ్చేది మా గుమ్మానికే.

"మన మొహాలు చూసి టపాకాయలంటే నమ్ముతారా, బాంబులనుకోరూ? రికార్డులోకి పేరెక్కితే గ్రీన్ కార్డ్ సంగతేంటి?" అంటూ చీపురు పట్టుకుని పరుగెత్తారు. పెద్దావిడ అడ్డం నిలబడి చీపురు పట్టేసుకుంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని గుంజుకోవడం మొదలుపెట్టారు. ఇంకో రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

ఈలోగా పోలీసు కారు రానే వచ్చింది. కోడలు పరుగున వచ్చి, కాల్చింది తన అత్తగారని చెప్పింది. ఆఫీసర్ ఆవిణ్ణీ, మా ఆయన్నీ, చీపురునీ మార్చి మార్చి చూసి, ఇంకోసారి వద్దని చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయన మెట్ల మీదే కూలబడ్డారు.

కోడల్ని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. పెళ్ళైనా, చావైనా, కొత్త కొట్టైనా తమకు ఆ చప్పుడు ఉండాల్సిందేననీ, దానికి దయ్యాలు పారిపోతాయనీ చెప్పింది. టపాకాయల్లో కూరే పొడి పుట్టకముందు పచ్చి వెదురు బొంగుల్ని మంటలో వేసి పేల్చేవారట. చావు లేకుండా చేసే మందు కోసం వెతికినవాళ్ళకి ఆ పొడి దొరికిందట, అందుకే దాన్ని వాళ్ళ భాషలో నిప్పు మందు అంటారట. మనమూ తుపాకి మందనే అంటాం కదా అనుకున్నాను. దానితోనే యుద్ధాలు చేశారు, దానితోనే దయ్యాల్నీ తరుముతున్నారు. ఆ ఎర్ర ముక్కల్ని పండగనాడు ఊడిస్తే అదృష్టాన్ని ఊడ్చేసినట్టేనట.

మరి మీ గుమ్మం ముందు కాల్చుకోలేదేమని అడిగాను.

"మా దగ్గరున్నది ఒక్కటే దండ. మీకు భయం ఎక్కువగా ఉందని మీకే కాల్చింది" అంది.

లేచి వెళ్ళి చీపురు లోపల దాచేశాను.

సోమవారం నేను కిటికీ వదల్లేదు. మధ్యాహ్నం కాకముందే పక్కింటి కారు వచ్చి ఆగింది. ఆయన ఆఫీసు బల్ల మీది సామాన్లున్న అట్టపెట్టెతో దిగి, ఇంట్లోకి వెళ్ళకుండా గరాజ్‌లోనే నిలబడిపోయాడు. కాసేపటికి మా ఆయన ఫోన్ చేసి, తీసేసినవాళ్ళలో తన పేరు లేదన్నారు. సంతోషం పొంగుకొచ్చింది. ఆ వెంటనే గరాజ్ కేసి చూడలేక తెర లాగేశాను.

సాయంత్రం పెద్దావిడ వచ్చింది, వెనకే కోడలు. ఏమైందన్నట్టు ఆవిడ నాకేసి కనుబొమలెగరేసింది. ఉద్యోగం ఉందని తలూపాను. రెండు చేతులా నా బుగ్గలు పుణికి, చూశావా అన్నట్టు గర్వంగా కోడలివైపు తిరిగింది. కోడలు నవ్వుతూ తలూపింది. ఆవిడ మళ్ళీ నావైపు తిరగగానే, వాళ్ళాయన సంగతి ఆవిడకింకా చెప్పలేదు, చెప్పకు అని వెనకనుంచి నాకు సైగ చేసింది.