కొలతలు తీసుకోని చొక్కా

కటింగ్ మాస్టర్ మెడలో టేపు ఇంటికెళ్లినా దిగదు. చెవి వెనక సుద్దముక్క, బొటనవేలి మీద కత్తెర పెట్టిన కాయ. ఏ గుడ్డనైనా ముందు చెంపకు ఆనించి చూసుకుని, ఆ తర్వాతే బల్ల మీద పరుస్తాడు. కొత్తవాళ్లను రెండేసిసార్లు కొలుస్తాడు. అయినవాళ్లకు మాత్రం టేపు ముట్టడు. గుమ్మంలోంచి వస్తుండగా ఓ చూపు చూస్తే చాలు. దుకాణం యజమానికి బడి నిక్కర్ల నాటినుంచీ అలాగే కుడుతున్నాడు. అతను "బాబాయ్" అని పిలిస్తే చాలు, మాస్టర్ నడుంనొప్పి కూడా మరిచిపోతాడు. చుట్టరికమేమీ లేదు, వట్టి పిలుపే.

ఈమధ్య కొత్త చట్టం వచ్చింది. దుకాణంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ యజమాని పింఛను కట్టాలట, సొంత కుటుంబానికి మాత్రం అక్కర్లేదట. తనిఖీకి వచ్చిన అధికారి మాస్టర్‌ను చూపించి ఎవరని అడిగాడు.

యజమాని తడుముకోలేదు. "మా సొంత బాబాయండీ! ఇంట్లో తోచక వచ్చి కూర్చుంటాడు."

"అంతేనా పెద్దాయనా?"

బాబాయ్ అన్నవాణ్ణి నలుగురిలో అబద్ధాలకోరును చేయడానికి మాస్టర్‌కు నోరు రాలేదు. తలూపాడు.

అధికారి వెళ్లగానే యజమాని నవ్వుతూ ఓ కొత్త గుడ్డ బల్ల మీద పడేశాడు. "గండం గడిచింది బాబాయ్! నాకో చొక్కా కత్తిరించు."

మాస్టర్ మెడలోంచి టేపు తీశాడు. "ఇలా వచ్చి నిలబడండి సార్."

"నా కొలతలు నీకు తెలీవా?"

"కొత్తవాళ్లకి కొలవకుండా కుట్టనండి," అని భుజం దగ్గర మొదలుపెట్టి, రెండుసార్లు కొలిచాడు.