దొరసానమ్మకి పెట్టని కవళ్ళు

మా చిన్నప్పుడు... సంతరోజు సాయంత్రం పొయ్యి మీద కవళ్ళ చేపల పులుసు ఉడుకుతుంటే, అమ్మ గబగబా వీధి తలుపు మూసేసేది. దొరసానమ్మ బంగళా మా ఇంటికి కేకేస్తే వినపడే దూరం మరి... ఆ వాసన అటు పోతే పరువు పోయినట్టే అమ్మ లెక్క.

ఇది తెల్లదొరల రాజ్యం నాటి మాట. పంతొమ్మిది వందల నలభైల్లో, గుమ్మలక్ష్మీపురం కొండల్లో. మా అయ్య మిషను బంగళాలో వంటవాడు. దొరసానమ్మ ఆడపిల్లలకి బడి పెట్టి, నాకు అఆలు దిద్దించింది. తలనిండా పేలున్నా నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ఆవిడొక్కతే.

ఒక వానాకాలం ఆవిడకి కొండజ్వరం పట్టుకుంది. జ్వరం దిగింది గానీ నోరు చచ్చిపోయింది. గంజి, రొట్టె, కోడిచారు... ఏదీ సయించలేదు. మనిషి పుల్లలా అయిపోయింది. ఇలాగే ఉంటే ఓడెక్కించి వాళ్ళ దేశం పంపెయ్యడమే అని ఆవిడ భర్త, దొరగారు తేల్చేశారు. ఆవిడ వెళ్ళిపోతే మా బడి కూడా మూతే.

అప్పుడు ఆవిడ నోరు తెరిచి ఒక్కటే అడిగింది. వాళ్ళ దేశంలో హెర్రింగు అని సముద్రపు చేప ఉంటుందట. ఉప్పులో ఊరబెట్టి, ఆ ఉప్పు కడిగేసి, వెనిగర్లో ఉల్లిపాయలతో నానబెడితే వండకుండానే తింటారట. వెండిలా మెరుస్తుంది, ఒంటినిండా కొవ్వుంటుంది, అలాంటిది ఇక్కడ దొరకదా అంది. ఎంత పొడుగుంటుందో ఆవిడ చెప్పలేదు... మా అయ్య అడగలేదు. దొరలు తినే చేప పెద్దదే అయ్యుంటుందని ఆయన నమ్మకం!

ముందు నాగావళిలో పట్టిన బొచ్చెచేప తెచ్చాడు. జాడీలో వేస్తే మెత్తగా ముద్దయిపోయింది. తర్వాత భీమిలి నుంచి వంజరం తెప్పించాడు. రైల్లో పార్వతీపురం దాకా, అక్కణ్ణించి కావిడి మీద... దారంతా తడిగడ్డి కప్పుకుంటూ. అది చెక్కలా గట్టిపడింది. దొరసానమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, అయ్య మొహం చూసి, బాగుంది అని అబద్ధం చెప్పింది పాపం.

మా సంతకి మాత్రం వారం వారం కవళ్ళు వచ్చేవి. అరచెయ్యంత చేపలు... ఎండబెట్టకుండా, సముద్రం ఒడ్డునే ఉప్పు పట్టించి కుండల్లో కూరి తెచ్చేవారు. చవక. కొండవాళ్ళు, కూలివాళ్ళు, మేమూ తినేవాళ్ళం.

అమ్మకి ఒకరోజు అనుమానం వచ్చింది. మన కవళ్ళూ ఉప్పులో ఊరినవే గదా, వెండిలాగే ఉంటాయి గదా, అని నసిగింది.

"కూలోళ్ళు తినే సేప దొరసానమ్మ బల్ల మీద ఎడతావేటి? సిగ్గు నేదూ?" అన్నాడు అయ్య.

అమ్మ మళ్ళీ ఆ మాటెత్తలేదు. పైగా నాకు నేర్పింది... బడిలో ఏం కూర తిన్నావని అడిగితే పప్పుచారని చెప్పాలని. నేను అలాగే చెప్పేదాన్ని. నా నోరు చేపవాసన కొడుతూనే ఉండేదేమో, ఎవరికి తెలుసు!

ఆవిడ వెళ్ళే రోజు రానే వచ్చింది. బండి కట్టాక, నన్ను చూడాలని దొరసానమ్మ నడుచుకుంటూ మా ఇంటికొచ్చేసింది. అమ్మ గుమ్మంలో కూర్చుని కవళ్ళు కడుగుతోంది. దాచే వ్యవధి లేదు. ఆవిడ వంగి ఒక చేపని తీసుకుంది. వాసన చూసింది. గోటితో చర్మం కొంచెం లాగితే కింద కొవ్వు మెరిసింది, ఆవిడ చెప్పిన హెర్రింగులాగే. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"మా బోటోళ్ళు తినే సేపమ్మా... తమరికి ఎట్టకూడదని..." అంది అమ్మ.

"నేను కూడా మీ బోటిదాన్నే అనుకున్నాను" అంది దొరసానమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అమ్మ ఉన్న కవళ్ళన్నీ చిన్న జాడీలో సర్ది, బంగళాలో మిగిలిన వెనిగరు పోసి, ఉల్లిపాయలు కోసి వేసింది. అయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని పార్వతీపురం దాకా బండిలో వెళ్ళాడు. తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

రైలు కోసం కూర్చున్నంతసేపూ ఆవిడ తింటూనే ఉందట... రొట్టె కూడా అడిగి తిందట.

ఆ మాట విని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నెలరోజుల ముందు పెట్టి ఉంటే ఆవిడ ఉండిపోయేదేమో. ఆ 'ఏమో' అమ్మని చచ్చేదాకా వదల్లేదు, నన్ను ఇప్పటికీ వదల్లేదు. నాకు ఒత్తులు రాకుండానే బడి మూతపడింది. అందుకే ఇది నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది.

ఇప్పుడు ఐసు పెట్టెల్లో ఏ చేపైనా కొండమీదికి వచ్చేస్తోంది. కవళ్ళు తింటామని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు... సంతోషమే.

మీ ఇళ్ళల్లోనూ, మనబోటివాళ్ళ తిండి అని చుట్టాలకి పెట్టకుండా దాచిన కూర ఒకటి ఉండే ఉంటుంది. అదేమిటో చెప్పండి... ఆ చుట్టం ఇంకా బతికుంటే మాత్రం, ముందు వెళ్ళి పెట్టి రండి.