కింది లెవెల్ కఫం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. మైక్రోబయాలజీలో పీజీ చేస్తున్నదాన్ని. కంటికి కనిపించనిది ఏదైనా ఉందని ఎవరైనా అంటే, దానికి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమనే రకం. కాబట్టి ఇది చదివి నన్ను ఓదార్చాలనో, ఎక్కడికో తీసుకెళ్లి తాయెత్తు కట్టించాలనో ఎవరూ అనుకోకండి. ఆ రోజు నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

ముందు మా తాత గురించి చెప్పాలి. చిత్తూరు వైపు పల్లె నుంచి కేజీఎఫ్‌కు వచ్చి, వయసంతా అక్కడి బంగారు గనుల్లోనే పనిచేశాడు. కుడిచేతి చూపుడువేలు సగం అక్కడే పోయింది. గని మూతపడ్డాక ఇంట్లో మిగిలింది ఆయనా, ఆయన దగ్గూ. గని కూలీల కోసం వరసగా కట్టిన మా లైన్ ఇళ్లకు గోడలు పలచన. ఏ దగ్గు ఎవరిదో పడుకున్నచోటి నుంచే చెప్పేవాళ్లం. తాతది రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు, చివర ఈల లాంటి ఊపిరి.

రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర గుక్కెడు వేడినీళ్లు తాగి, ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, మూడుసార్లు దమ్ము పట్టి దగ్గేవాడు. నేను మొహం తిప్పుకుంటే నవ్వేవాడు.

"పైన ఉండేది ఉత్త ఎంగిలి పాపా. సరుకంతా కింది లెవెల్లో ఉండాది. కేజ్ పంపించి తేవాల" అనేవాడు. లెవెల్ అంటే గనిలో ఒక్కో అంతస్తు, కేజ్ అంటే మనుషుల్ని అక్కడికి దించే ఇనుప బోను.

ఎన్ని ఆసుపత్రులకు తిప్పినా డాక్టర్లది ఒకటే మాట. గని దుమ్ము, దీనికి మందు లేదు. సరిగ్గా మొహం కూడా చూడకుండా చెప్పినవాళ్లున్నారు. ఒక్కరంటే ఒక్కరు కఫం పరీక్షకని ఆయన చేతిలో కప్పు పెట్టలేదు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో టీబీ సులువుగా చేరుతుందని పీజీలో చదివిన రోజు ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. తాతకు టీబీ ఉందో లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు.

ట్రైనింగ్‌లో భాగంగా మమ్మల్ని కోలార్ ఆసుపత్రి ల్యాబ్ నుంచి కొన్ని వారాలు బయటి ఆరోగ్య కేంద్రాలకు పంపుతారు. నాకు కేజీఎఫ్ పడింది. అక్కడికి వచ్చింది మునిలక్ష్మి. బైరకూరు పిల్ల. వేమగల్‌లో ఫ్యాక్టరీ పని చేస్తూ, పెళ్లయ్యాక కేజీఎఫ్‌కు వచ్చింది. నాలుగో నెల కడుపు. నెల దాటి దగ్గు, సాయంత్రమైతే జ్వరం. కడుపుతో ఉందని ఎక్స్‌రేకి అత్తగారింట్లో ససేమిరా అన్నారు. ఇక మిగిలింది కఫం పరీక్ష. అందులో తేలితే మందులు మొదలుపెడతారు. తేలకపోతే దగ్గు సిరప్ ఇచ్చి ఇంటికి పంపుతారు. లోపలి బిడ్డ సంగతి కూడా ఆ కప్పు మీదే ఆధారపడి ఉంది.

మొదటి రోజు ఆమె తెచ్చింది నీళ్లలాంటి ఉమ్మి. రెండో రోజూ అదే. ఉమ్మిలో టీబీ క్రిములు దొరకవు. మా సీనియర్ కప్పును వెలుగులోకి ఎత్తి చూసి విసుక్కున్నాడు.

"వీళ్లకు దగ్గడం కూడా మనమే నేర్పాలా? రెండుసార్లు చూశాం కదా, క్లోజ్ చేసేయ్."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. కానీ నోరెత్తలేదు. అంతకంటే దరిద్రం, ఆ మంట తీసుకెళ్లి మునిలక్ష్మి మీద పోశాను. మూడో రోజు పదకొండు గంటలప్పుడు ఆమె రిపోర్టు కోసం వస్తే, చదువుకున్నదానివి ఈ మాత్రం తెలియదా అని అందరి ముందూ గద్దించాను. ఇంకో కప్పు చేతికిచ్చి, సరిగ్గా తెస్తే తే, లేకపోతే మళ్లీ రావద్దన్నాను. ఎలా తేవాలో మాత్రం చెప్పలేదు. ఆమె తల వంచుకుని కట్టడం వెనక ఉన్న నీళ్ల ట్యాంకు వైపు వెళ్లింది. నేను రిజిస్టర్ తెరిచి ఆమె పేరు పక్కన ఎర్ర ఇంకుతో 'నమూనా ఇవ్వలేకపోయారు' అని రాయడం మొదలుపెట్టాను.

వాక్యం పూర్తి కాలేదు. వెనక నుంచి దగ్గు వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగు, చివర ఈల.

పెన్ను అక్కడే వదిలేసి లేచాను. ట్యాంకు దగ్గరికి వెళ్లాలంటే నా కిటికీ ముందు నుంచే దారి. మిగతా మూడు వైపులా మనిషి ఎత్తును మించిన గోడ. మునిలక్ష్మి తప్ప ఎవరూ అటు వెళ్లలేదు. నేను వెళ్లేసరికి ఆమె ఒక్కతే ఉంది. ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించుకుని ఆయాసపడుతోంది. కప్పులో చిక్కటి పసుపు కఫం.

"తాత యాడికి పోయినాడు మేడమ్?" అని నన్నే అడిగింది.

ఏ తాత అన్నాను.

"ఇప్పుడే ఈడ ఉన్నాడే. ఒక వేలు సగమే ఉండాది. మొన్నట్నుంచీ మగోళ్ల లైను ముందర దగ్గమంటే నాకు సిగ్గయి, ఊరికే ఉమ్మేసి ఇచ్చినాను. ఆయప్ప మూడుసార్లు దమ్ము పట్టమన్నాడు. పైన ఉండేది ఎంగిలంట, కింది లెవెల్‌కు కేజ్ పంపించల్లంట. కేజ్ అంటే ఏంది మేడమ్?"

కప్పు తీసుకుని లోపలికి వచ్చాను. ఆయా వెంకటమ్మను అడిగితే, "ముసలాయన దగ్గు ఇనబడినాదమ్మా, మనిషిని చూడలే" అంది. అంటే నా ఒక్కదాని చెవులే కావు.

స్లయిడ్ చేసి చూశాను. నీలం మీద ఎర్రటి పుల్లల్లా టీబీ క్రిములు, ఏ మూల చూసినా. ఇన్ని క్రిములు మోస్తున్న మనిషిని నేను దగ్గు సిరప్‌తో ఇంటికి పంపబోయాను.

ఆ మధ్యాహ్నమే మందులు మొదలయ్యాయి. నమూనా చాలా బాగుంది, ఎలా రాబట్టావని సీనియర్ అడిగాడు. నేనే నేర్పించానన్నాను. కౌన్సెలింగ్‌తో నమూనా నాణ్యత ఎలా పెరుగుతుందో ఆయన తర్వాతి మీటింగులో నా ఎదుటే ఉపన్యాసం ఇచ్చాడు. చప్పట్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. కేజీఎఫ్‌లో వేళ్లు పోయిన ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. కేజ్ మాట ఆమె ఇంట్లో విని ఉండొచ్చు. కానీ ఆమె మామది లక్కూరు, స్కూల్లో గుమాస్తా. ఆ ఇంట్లో ఎవరూ గనిలో దిగలేదు. ఆ మాటలు తాత ఇంకెక్కడైనా అనేవాడా అని అమ్మను అడిగాను. నీతో ఆడుకోవడానికే అనేవాడంది అమ్మ. గోడ ఎత్తు కూడా చూసి వచ్చాను. కుర్రవాళ్లయినా ఎక్కి దూకలేరు.

మందుల కోర్సు అయిపోయాక మునిలక్ష్మి కోలార్ ఆసుపత్రికి వచ్చింది. ఒళ్లో నెల పిల్ల. ఇద్దరూ బాగున్నారు. కఫం పరీక్షలో ఏమీ లేదు. రిపోర్టు తీసుకుని వాకిలి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఆ పొద్దు ఒక మాట చెప్పలేదు మేడమ్. ఆ తాత, మీ మేడమ్ దగ్గర ఇంగో కప్పు ఉంటే నాకూ ఇప్పించమ్మా అన్నాడు. మీరు శానా కోపంగా ఉన్నారు కదా. అడిగేకి భయమయి నేను అడగలే."

ఆమె ఎవరిని చూసిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అది తాత అని నేను అనను. ఆ రోజు నా టేబుల్ మీద పెట్టె నిండా ఖాళీ కప్పులు ఉన్నాయి.