ఇరవై గ్రాముల సీసం

కాటా మేస్త్రీకి లోకంలో నమ్మకమైనవి రెండే: తన కళ్ళు, తన దుకాణం మూలనున్న బల్ల కాటా. కట్టుకున్న భార్యని కూడా నమ్మేవాడే గానీ, ఆ మాట పైకి ఒప్పుకునే రకం కాదు.

నలభై ఏళ్ళుగా ఆయన పని కాటాలు బాగుచేయడం, తూకాలు సరిచూడడం. ఈ పనిలో ఉన్నవాడికి మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం. తట్ట కింద మైనం అంటించేవాళ్ళని చూశాడు, అయస్కాంతం దాచేవాళ్ళని చూశాడు. ఇనప గుండు బరువు సరిచేయడానికి దాని అడుగున చిన్న గుంటలో సీసం పోస్తారు. ఆ సీసం కాస్త తోడేసి, గుంటలో మైనం నింపి, పైన మసి పూసే ఘనుల్నీ చూశాడు. అలాంటివాణ్ణి పట్టుకున్న రోజున భోజనం దగ్గర కూర్చుని భార్యకి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆవిడ ఊ కొట్టేది. ఊ కొట్టే మనిషి వింటోందని ఆయనకెప్పుడూ తోచలేదు.

ప్రతి శనివారం పొద్దున షట్టర్ ఎత్తకముందే బల్ల కాటా ఎక్కి బరువు చూసుకోవడం ఆయనకి అలవాటు. అది పాతకాలపు కాటా. బల్ల మీద నిలబడి, పైనున్న అడ్డకమ్మీకి గుండు తగిలించాలి. నలభై అని రాసున్న గుండు నిజానికి నాలుగొందల గ్రాములే, కానీ తగిలిస్తే నలభై కిలోలకి లెక్క, ఆ పైన ఎంతుందో కమ్మీ మీద జారే చిన్న గుండు చెబుతుంది. ఆ కాటా ముప్పై ఏళ్ళుగా అరవై రెండు చూపించింది. ఒక శనివారం యాభై తొమ్మిది అంది.

ఇంకెవరైనా అయితే తనకేమైందని కంగారుపడేవాళ్ళు. మేస్త్రీ కాటాకేమైందని కంగారుపడ్డాడు. దాన్ని ఊడదీసి, తుప్పు గీకి, నూనె పెట్టి బిగించాడు. మరుసటి శనివారం యాభై ఏడు. మళ్ళీ ఊడదీశాడు. ఈలోగా నడుం దాకా పాకే కడుపునొప్పికి కుర్చీని తిట్టాడు. కళ్ళు పచ్చబడ్డాయని భార్య అంటే కొత్త బల్బుది తప్పన్నాడు. మూడోవారం పరీక్ష రాళ్ళని గుడ్డతో పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కించి చూస్తే కాటా పిసరంత కూడా తప్పు చెప్పడంలేదు. అప్పుడు గానీ తేడా తనలో ఉందేమోనన్న అనుమానం ఆయనకి రాలేదు.

క్లోమంలో గడ్డ అన్నారు. క్యాన్సర్ అన్నారు. పక్కనే ఉన్న రక్తనాళాన్ని పట్టుకుంది కాబట్టి ఇప్పుడే కోయలేమని, పైత్యరసం దారికి గొట్టం వేసి, ముందు కీమో ఇచ్చి చూద్దామని చెప్పారు. మేస్త్రీ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయనా అదే అన్నాడు. మూడో ఆయనా అదే అన్నాడు. ముగ్గురూ ఒక్కటే మాట అంటున్నారంటే ముందే కూడబలుక్కుని ఉంటారని మేస్త్రీ తేల్చాడు.

అయితే ఆయన అనుమానం అన్నిసార్లూ తప్పూ కాదు. బావమరిది ఏదో ఆకు పసరు సీసా తెచ్చి, వారంలో గడ్డ కరుగుతుందట బావా అన్నాడు. ఎవరికి కరిగిందో వాళ్ళని తీసుకొచ్చి చూపించమన్నాడు మేస్త్రీ. ఆ బావమరిది మళ్ళీ సీసా ఊసెత్తలేదు. ఫోన్లో వచ్చే రసాలూ పొడులూ అన్నిటికీ అదే మర్యాద జరిగింది. చిక్కల్లా ఏమిటంటే, దొంగమందుకీ అసలుమందుకీ ఆయన ఒకే తలుపు మూశాడు.

కీమోతోపాటు డాక్టరు పెద్ద పెద్ద క్యాప్సూళ్ళు రాశాడు. తిన్నప్పుడల్లా వేసుకోవాలన్నాడు. అవి దేనికని అడిగితే తిండి అరగడానికట. నాకు జబ్బు తగ్గడానికి మందు కావాలి గానీ అరుగుదలకెందుకు, ఎవడో కంపెనీవాడు అంటగట్టాడని మేస్త్రీ వాటిని దుకాణంలో స్క్రూల డ్రాయర్ అడుగున పడేశాడు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. బరువు నలభై ఎనిమిది దిగితే ఒళ్ళు తట్టుకోలేదు, మందు ఆపాల్సి వస్తుందన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన గుండెలో దిగబడింది. చావంటే ఆయనకి భయమే. ఎవరితోనూ అనలేదు గానీ, చాలా భయం.

శనివారాలు నరకమయ్యాయి. యాభై నాలుగు, యాభై రెండున్నర, యాభై ఒకటి. అంకె దిగిన రోజున కంచం ముందునుంచి లేచిపోయేవాడు. తర్వాత మాత్రం ఎందుకో యాభై ఒకటి దగ్గర ఆగింది. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రి కాటా మాత్రం వెళ్ళిన రెండుసార్లూ నలభై తొమ్మిదే అంది. దాని మీద తనిఖీవాళ్ళ సీలు లేదు. నర్సుతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. సీలు లేని కాటా మీద మనుషుల్ని తూస్తారా, ఒక్క గంట నాకివ్వండి బాగుచేసి పెడతాను అన్నాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి నలభై తొమ్మిదే రాసుకుంది.

అదిగో, అప్పుడే భార్య మీద అనుమానం మొదలైంది. ఫోనొస్తే వంటింట్లోకి వెళ్ళి గుసగుసలాడేది. ఆ గుసగుస ఇంటి ముందుగదిలోని దుకాణం దాకా వినబడేది గానీ మాటలు తెలిసేవి కావు. బుధవారం మధ్యాహ్నం కాగానే చీర మార్చుకుని, ఇప్పుడే వస్తానని రెండు గంటలు మాయమయ్యేది. మేస్త్రీ బుర్రలో పురుగు తొలిచింది. తనకింకా ఎన్నాళ్ళుందో డాక్టరు ఆవిడకి చెప్పి ఉంటాడు. అందరికీ తెలుసు, తనకే దాచారు. ఆ ఊహ కడుపునొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

మూడో బుధవారం షట్టర్ దించి వెనకాలే నడిచాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. గ్రంథాలయం వెనక గదిలోకి వెళ్ళింది. ఆయన కాసేపాగి తలుపు తోశాడు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. తలకి రుమాలు కట్టుకున్న ఒక పెద్దావిడ లేచి నిలబడింది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, అందరూ కండక్టరమ్మ అంటారు. మేస్త్రీ ముందు బల్ల కింద చూశాడు, సీసాల పెట్టెలేమైనా ఉన్నాయేమోనని. ఏమీ కనబడలేదు.

"ఏం అమ్ముతారమ్మా ఇక్కడ?" అన్నాడు నిలబడే.

"ముప్పై ఏళ్ళు టిక్కెట్లు అమ్మాను. ఇప్పుడేమీ లేదు. కూర్చోండి."

ఆవిడకీ ఇదే జబ్బు. ఆపరేషనై నాలుగేళ్ళయింది. అక్కడున్నవాళ్ళలో సగం మంది రోగులు, సగం మంది వాళ్ళని చూసుకునేవాళ్ళు. ఆవిడ ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగేసింది, తిన్నాక కడుపు ఉబ్బరిస్తోందా, దొడ్డికెళ్తే నీళ్ళ మీద జిడ్డులా తేలుతోందా అని. ఇదే ప్రశ్న ఇంతకుముందు డాక్టరు కూడా అడిగాడు. ఇంటిగుట్టు అడిగినవాడికల్లా చెప్పే మనిషి కాదు కాబట్టి మేస్త్రీ లేదన్నాడు. ఇప్పుడు అంతమందిలో అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ అక్కడెవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు తమకీ అంతేనన్నట్టు తలాడించారు. మేస్త్రీ కూడా తలాడించాడు.

"మీరు తింటున్నది మీకు దక్కడంలేదు" అంది కండక్టరమ్మ. " క్లోమం రసం రావట్లేదు, తిన్నది తిన్నట్టే జారిపోతోంది. డాక్టరు రాసిన క్యాప్సూళ్ళలో ఉండేది ఆ రసమే. మొదటి ముద్దతో వేసుకోవాలి, ఉత్త కడుపున కాదు. ఎన్ని వేసుకోవాలనేది ఎవరి లెక్క వాళ్ళది. నా మాట నమ్మకండి. మీ ఆసుపత్రిలో డైటీషియన్ ఉంటుంది, వెళ్ళి అడగండి."

నలభై ఏళ్ళలో ఏ దొంగ వ్యాపారీ మేస్త్రీతో, నా కాటా నమ్మకు, ఇంకో కాటా మీద తూచుకో అనలేదు.

మర్నాడే వెళ్ళి అడిగాడు. డైటీషియన్ అదే మాట చెప్పి, పెద్ద భోజనానికి ఎన్ని, చిరుతిండికి ఎన్ని కాగితం మీద రాసిచ్చింది. డ్రాయర్ అడుగునుంచి క్యాప్సూళ్ళు బయటికొచ్చాయి. రెండు వారాలకి కడుపు ఉబ్బరం తగ్గింది. నెల తిరిగేసరికి బల్ల కాటా యాభై రెండు పైన చూపించింది. ఆసుపత్రి కాటా యాభై పైన చూపించింది. ఈసారి గొడవ పెట్టుకుందామని నోరు తెరిచిన మేస్త్రీ అలాగే ఆగిపోయాడు. ముందు రెండుసార్లూ తేడా రెండు కిలోలే. ఇప్పుడూ రెండే. చెడిపోయిన కాటా రోజుకో మాట చెబుతుంది. ప్రతిసారీ ఒకే అబద్ధం చెబుతోందంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఆసుపత్రివాళ్ళు పెట్టడానికి కారణం లేదు. ఇంట్లో గుండు తేలికైతే మాత్రం అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఇంటికి రాగానే నలభై గుండు తిరగేసి, అడుగున గోటితో గీకాడు. మసి పోయింది. కింద మైనం.

భార్య దుకాణం గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన గుండు చేత్తో పట్టుకునే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ పని చేసినవాళ్ళని ఎంతమందిని పట్టుకున్నానో తెలుసా నీకు?"

"తెలుసు. వాళ్ళ కథలు వినే కదా నేర్చుకున్నాను" అంది ఆవిడ.

తర్వాత మెల్లగా అంతా చెప్పింది. అంకె దిగినప్పుడల్లా కంచం వదిలేస్తుంటే చూడలేకపోయింది. నిలకడగా కనబడితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారనుకుంది. తీరా చేశాక ఆయన బాగానే ఉన్నానని ధీమా పడ్డాడు. డ్రాయర్లో క్యాప్సూళ్ళు అలాగే ఉన్నాయి. అవి ఆవిడ ఎప్పుడో చూసింది. నిజం చెబుదామంటే మనిషి ఏమైపోతాడోనని భయం. చెప్పకపోతే నలభై ఎనిమిది దిగిపోతాడని భయం. దిక్కుతోచక ఆసుపత్రి గోడ మీద కాగితం చూసి కండక్టరమ్మకి ఫోన్ చేసింది.

"మరి నన్నూ రమ్మనొచ్చుగా?"

"రమ్మంటే వస్తారా మీరు? అనుమానపడితే వస్తారు. అందుకే కదా దుకాణం దాకా వినబడేటట్టు గుసగుసలాడాను."

మేస్త్రీకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ నిలబడలేదు. డాక్టరు చెప్పింది తనకి దాచిందేమీ లేదన్నమాట. గుండె మీద బరువు దిగినట్టయి, ఆవిడ ముందే ఏడ్చేశాడు.

"ఎంత తీశావు?"

"ఇరవై గ్రాములు. మీ చిన్న త్రాసులో తూచే తీశాను."

ఆవిడ లోపలికి వెళ్ళి, సూదులూ దారాలూ పెట్టుకునే డబ్బాలోంచి సీసం ముక్క తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. మేస్త్రీ మైనం గీకేసి, సీసాన్ని గుంటలో పెట్టి, చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. గుండు కమ్మీకి తగిలించి బల్ల ఎక్కాడు. ఎప్పటిలా జారుడు గుండు మీదికి చెయ్యి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎంతుందో నువ్వే చూసి చెప్పు" అని మొహం వీధివైపు తిప్పుకున్నాడు.

ఆవిడ గుండుని మెల్లగా జరిపింది. కమ్మీ రెండుసార్లు ఊగి నిలబడింది.

"యాభై. పైన ఒక నూరు గ్రాములు."

"సరే" అని, మేస్త్రీ చూడకుండానే దిగాడు.